దిద్దిన అలవాటు

గిన్నెలు తోమి, చేతులు తుడుచుకుంటూ ఆమె బయటికి వచ్చేసరికి భోజనాల బల్ల మీద పదో తరగతి జవాబు పత్రాల కట్ట, దాని మీద ఎర్ర పెన్ను సిద్ధంగా ఉన్నాయి. తెచ్చిన పెద్దమనిషి టీవీ ముందు కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు.

“సోమవారానికి కావాలోయ్,” అన్నాడు భర్త, తల తిప్పకుండానే.

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. ఇద్దరూ చదివింది లెక్కలే, పనిచేసేదీ ఒకే బడిలో. ఆయనకు పదో తరగతి, ఆమెకు ఒకటో తరగతి. ఒకటిలో పరీక్షలుండవు, మార్కులుండవు. పిల్లవాడు పెన్సిలు ఎలా పట్టుకుంటున్నాడో, పక్కపిల్లకు రబ్బరు ఇస్తున్నాడో లేదో ఏడాదంతా కనిపెట్టి చూసి రిజిస్టరులో రాయాలి. “మార్కుల్లేని చదువుకి టీచరెందుకే, ఆయా చాలదూ?” అని అత్తగారు ఎన్నిసార్లు నవ్వలేదు! పెళ్ళయిన కొత్తలో “నువ్వు చూస్తే నేను చూసినట్టే కదా” అని ఆయన గోముగా అంటే మురిసిపోయి మొదటి కట్ట దిద్దింది. ఆ మురిపెం ఎప్పుడో ఇంకిపోయింది గానీ కట్టలు ఆగలేదు. జవాబు తప్పయినా దారి సరైనదేనా అని వెతికి, పిల్లలకు సగం మార్కయినా దక్కించేది ఆమె. “సారు దిద్దితే న్యాయంగా ఉంటుంది” అన్న పేరు ఆయనది.

ఈ మధ్యాహ్నమే హెడ్మాస్టరుగారి గదిలో, వచ్చే ఏడాది తనకూ పదో తరగతి ఇవ్వమని అడిగింది.

“పెద్ద పరీక్షల పేపర్లు దిద్దిన అలవాటు లేదు కదమ్మా మీకు,” అన్నాడు హెడ్మాస్టరు.

పక్కనే ఉన్న భర్త టీలో బిస్కట్టు ముంచుకుంటూ, “చిన్నపిల్లలతోనే హాయి సార్ తనకి,” అన్నాడు. బిస్కట్టు విరిగి టీలో పడింది. దానికి మాత్రం అయ్యో అన్నాడు.

ఇప్పుడు ఆమె బల్ల మీది కట్ట తీసుకెళ్ళి భర్త ఒళ్ళో పెట్టింది.

“ఏంటిది?”

“చెయ్యి పట్టి రాయిస్తూ కూర్చుంటే పిల్లలకి ఎప్పటికీ రాయడం రాదండీ. మా ఒకటో తరగతిలో ఏదో ఒక రోజు వదిలేస్తాం. మీది మీరే దిద్దుకోండి.”

ఆయన నోరు తెరిచేలోగా లోపలి గదిలోంచి అత్తగారు పరుగెత్తుకొచ్చింది. “కాస్త సాయం చేస్తే నీ సొమ్మేం పోయిందే? ఇన్నేళ్ళూ నువ్వే దిద్దావు. వాడికేం అలవాటుందని?”

ఆమె ఎర్ర పెన్ను మూత పెట్టి, అదీ ఆయన చేతికిచ్చింది.

“సోమవారం హెడ్మాస్టరుగారి దగ్గరికి మళ్ళీ వెళ్తున్నాను అత్తయ్యా. మీరూ రండి, ఈ మాటే చెబుదురుగాని.”