నిమ్మతొక్కల నీళ్ళు

ఆ శనివారం తెల్లవారినా తెల్లవారినట్టు లేదు. మబ్బు పట్టి మూడు రోజులైంది. వాన పడదు, ఎండ రాదు. రేపల్లె మీద ఆకాశం బాగా కిందికి దిగి, అక్కడే ఆగిపోయింది. దండెం మీద బట్టలు మొన్నటివి ఇంకా చెమ్మగానే ఉన్నాయి. చీరాలలో మగ్గం నేసే రోజుల్లో ఇలాంటి మబ్బు చూస్తే, ఆరదని కోటిలింగం నూలుకి గంజి పెట్టేవాడు కాదు. మగ్గం అమ్మేసి ఏడేళ్ళయింది. ఆకాశం చూసి పని మొదలుపెట్టే అలవాటు దాంతోనే పోయింది.

వంటింటి గోడవార నాలుగు ప్లాస్టిక్ డబ్బాలున్నాయి. మూడు నెలలుగా వాటిలో నిమ్మతొక్కలు ఊరుతున్నాయి. వారానికోసారి అతను పొద్దుటి రైలెక్కి తెనాలి నిమ్మకాయల మార్కెట్టుకి వెళ్ళేవాడు. మచ్చపడిందని ఏరి పక్కన పోసిన కాయల్ని అడిగి గోతంలో వేసుకొచ్చేవాడు. పది చెంబుల నీళ్ళకి మూడు చెంబుల తొక్కలు, ఒక చెంబు బెల్లం తురుము. పొద్దున లేవగానే మూత కాస్త వదులు చేసి గ్యాసు పోనివ్వాలి. ఒకసారి మరిచిపోతే డబ్బా కడుపు ఉబ్బి, మూత ఎగిరి అటకకి తగిలింది. ఊరిన నీళ్ళు వడగట్టి, ఉడికించిన కుంకుడుకాయ రసం కలిపి, నిమ్మగడ్డి, వట్టివేళ్ళు కాచిన కషాయం పోస్తే నేల తుడిచే నీళ్ళు తయారు. బాపట్లలో ఉన్న కూతురు తనూజ ఇదంతా ఫోనులోనే నేర్పింది. అక్కడ ఆడవాళ్ళ సంఘంలో వాళ్ళు ఇలాంటివి చేసి అమ్ముతారు.

ఇదంతా భార్య అంకమ్మ దగ్గు కోసం. ఆమె ఒక ప్రైవేటు బడిలో ఆరేళ్ళుగా ఆయా. గదులకి ఫినాయిలు, బాత్రూములకి యాసిడ్. రెండేళ్ళుగా దగ్గు. తెనాలి డాక్టరు ఛాతీ ఫొటో తీసి చూసి, ఆ ఘాటు పీల్చడం మానితేనే మందు పని చేస్తుందన్నాడు. మానితే ఉద్యోగం మానాలి. మగ్గం పోయాక కోటిలింగానికి ఏ పనీ ఆరు నెలలు నిలవలేదు. ఇంట్లో నిలిచింది ఆమె జీతమొక్కటే.

బడి యజమాని శేషగిరిరావుని కాళ్ళావేళ్ళా పడి బతిమాలితే ఒప్పుకున్నాడు. శనివారం మధ్యాహ్నం పిల్లల తల్లిదండ్రులు వస్తారు. ఆ రోజు గదులన్నీ ఈ నీళ్ళతో తుడవమన్నాడు. బాగుంటే ఇక ఎప్పుడూ ఇవే. బాగోకపోతే దగ్గు మాట మళ్ళీ తన దగ్గర ఎత్తకూడదు. శుక్రవారం సీసా చూపిస్తే వంచి చూశాడు.

"ఏంటయ్యా ఇది, టీకొట్లో గ్లాసులు కడిగిన నీళ్ళలా ఉంది. చిక్కదనమే లేదు."

ఆ మాట కోటిలింగాన్ని వదల్లేదు. ముప్పై ఏళ్ళు నూలు గంజిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి చూసి మంచిచెడ్డలు చెప్పినవాడు. శనివారం పొద్దున అంకమ్మ స్నానానికి వెళ్ళగానే రెండు గ్లాసుల బియ్యపునూక మెత్తగా ఉడికించాడు. పాత పంచెలో వడగట్టి, ఆ గంజి డబ్బాల్లో కలిపాడు. వేళ్ళ మధ్య పట్టి లాగితే సన్నగా తీగ సాగింది. మూతలు పెట్టేశాడు. ఆమెకి చెప్పలేదు.

బడిలో ఎనిమిది గదులు, ఒక పొడుగాటి వరండా. ఇద్దరూ చెరో పక్క నుంచి మొదలుపెట్టారు. నిమ్మగడ్డి వాసన మెల్లగా గదుల్లో పరుచుకుంది. దాని అడుగున వట్టివేళ్ళ చల్లదనం. మూడో గది దాకా అంకమ్మ దగ్గలేదు. కోటిలింగం అది గమనించాడు గానీ పైకి అంటే దిష్టి తగులుతుందని ఊరుకున్నాడు.

సునీల టీచరు చెప్పులేసుకుని మొదటి గదిలోకి వచ్చింది. అడుగు తీస్తే చప్‌మంది. ఇంకో అడుగు తీసింది, చెప్పు నేల మీదే ఉండిపోయింది.

"అంకమ్మా, పిల్లలు పారిపోకుండా కొత్త ఏర్పాటా ఏంటిది?" అంది చెప్పు వెతుక్కుంటూ. "పాకంలో కాలేసినట్టుంది."

ఫాను తిరుగుతున్నా నేల ఆరలేదు. ఆరిన చోట ముగ్గుపిండి అలికినట్టు తెల్లటి చారలు. గడప సందులోంచి నల్లచీమలు ఒకటొకటిగా బయలుదేరాయి.

అంకమ్మ గొంతుక్కూర్చుని నేల మీద వేలు రాసింది. ఆ వేలు బొటనవేలితో నలిపింది. పాతికేళ్ళు మొగుడి పక్కన నిలబడి నూలుకి గంజి పట్టించిన చెయ్యి. తలెత్తి అతన్ని చూసింది.

"ఎంత పోశావు?"

"రెండు గ్లాసుల నూక."

"ఈ మబ్బులోనా?"

అతను చేతిలో గుడ్డ పిండాడు.

"నన్నొక మాట అడగొచ్చుగా."

"చిక్కగా లేదన్నాడుగా ఆయన."

"ఆయన అంటాడు. తుడిచేది నేను."

అంతలో శేషగిరిరావు వచ్చాడు. వరండా చివర నిలబడి, లోపలికి రాకుండానే అంతా చూశాడు. అతను అరిచే మనిషి కాదు.

"ఏంటమ్మా ఇది?"

"నాదే తప్పండి," అంది అంకమ్మ. "నీళ్ళు సరిగ్గా కలపలేదు. పొద్దున ఒంట్లో బాగోక చూసుకోలేదండి."

"ఒంట్లో బాగోకపోతే ఇంట్లో ఉండాలి. సోమవారం నుంచి వేరే మనిషిని చూసుకుంటాను."

కోటిలింగం చేతిలో గుడ్డ బకెట్టులో వేశాడు.

"ఆవిడకేం తెలీదు సారూ. గంజి పోసింది నేను."

"గంజా?"

"చిక్కదనం కోసమండి."

"మా అమ్మ చీరలకి పెట్టుకునేది. నేలకి పెట్టినవాణ్ణి నిన్నే చూశానయ్యా," అన్నాడు శేషగిరిరావు. నవ్వు రాబోయి ఆగిపోయింది. "మూడింటికి జనం వస్తారు. ఫినాయిలు, యాసిడ్ లోపలున్నాయి. ఏం చేస్తారో చెయ్యండి."

"అవి వద్దండి. గంజి వేణ్ణీళ్ళకి వదులుతుంది," అన్నాడు కోటిలింగం.

స్టాఫు రూములో టీ కాచే పొయ్యి మీద గిన్నె పెట్టారు. గిన్నె మరగడానికి పావుగంట, ఒక గదికి రెండు గిన్నెలు. అతను పోస్తే ఆమె చీపురుతో నెట్టింది. ఆమెకి ఆయాసం వస్తే అతను నెట్టాడు. పోసిన నీళ్ళు పాలలా తెల్లగా కాలువలోకి పోయాయి. మళ్ళీ చల్లనీళ్ళు. ఇద్దరి కాళ్ళూ పాసిపోయి ముడతలు పడ్డాయి. మూడింటికి ఇంకా కాస్త టైముండగానే చివరి గది అయింది. నేల శుభ్రంగానే ఉంది. ఏ వాసనా లేదు.

శేషగిరిరావు చెప్పులతో నాలుగడుగులు వేసి చూశాడు. అంటుకోలేదు.

"సరే, ఆవిణ్ణి రమ్మను. కానీ సోమవారం నుంచి మళ్ళీ ఫినాయిలూ యాసిడే. ఇంకో పరీక్ష నా వల్ల కాదు. మీ నీళ్ళు మీ ఇంట్లో వాడుకోండి."

"ఆవిడ రాదండి," అన్నాడు కోటిలింగం. "నేనొస్తాను."

"ఆయా పనికా?"

"ఊడవడం, తుడవడం, బాత్రూములు. అన్నీ చేస్తానండి."

"నేతపని చేసినవాడివి. నీ వల్ల అవుతుందా ఇది?"

"ఇవాళ చేశాను కదండీ."

"జీతం ఆవిడకిచ్చేదే."

"అదేనండి."

శేషగిరిరావు తల ఊపి గేటు వైపు వెళ్ళాడు. అంకమ్మ తడిసిన చీర కుచ్చిళ్ళు పిండుకుంటూ నిలబడింది.

"నీకు మాత్రం ఊపిరితిత్తులు లేవా?" అంది.

"నావి ఇంకా బాగున్నాయిగా."

"ఎన్నాళ్ళు?"

"చూద్దాం."

గేటు దగ్గర మోటారు సైకిళ్ళు ఆగుతున్నాయి. తల్లులూ తండ్రులూ పిల్లల చేతులు పట్టుకుని లోపలికి వస్తున్నారు. ఎవరూ నేల వైపు చూడలేదు. ఇద్దరూ బడి వెనక్కి వెళ్ళి, మేడమెట్ల కింద కూర్చున్నారు. అంకమ్మ క్యారేజీ విప్పింది. దోసకాయ పప్పు చల్లారి గడ్డకట్టింది. మూతలో అతనికి అన్నం పెట్టి, తను గిన్నెలోనే కలుపుకుంది. అతను ఒక ముద్ద తిని, సగం అన్నం తీసి ఆమె గిన్నెలో వేశాడు. ఆమె వద్దనలేదు. పైన గదుల్లో కుర్చీలు జరుపుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఇద్దరూ తలలు వంచుకుని తిన్నారు.