పర్దా పట్టిన మైసవ్వ

కుండల్‌వాడి దవాఖానలో ఆయా మైసవ్వ చేతులు చాపిందంటే ఒక కొస బిలోలిలో, ఇంకో కొస మంజీరా అవతలి ఒడ్డున తేలేది. అంత మనిషి! ఆ చేతుల మధ్య దుప్పటి పరిస్తే తాలూకా ఆడవాళ్ళంతా దాని వెనక పట్టేవారు.

ఆ బుధవారం పొద్దున కూడా ఆమె దుప్పటి దులిపి, రెండు కొసలకూ ముడులు వేసింది. ముడి ఉంటే పట్టు జారదు. నెలకోసారి నాందేడ్ నుంచి బస్సులో వచ్చే ఉమాబాయి డాక్టరమ్మ ఆడవాళ్ళ రొమ్ములు తడిమి, గడ్డలేమైనా ఉన్నాయేమో చూస్తుంది. దవాఖానలో ఉన్నది ఒకటే గది, దానికీ తలుపు లేదు. మైసవ్వే తలుపు. పర్దా పట్టినంతసేపూ ఆమె కళ్ళు మూసుకునే ఉంటుంది. వేరెవరు పట్టినా తొంగి చూస్తారనీ, పొద్దుగూకేలోపు ఊరంతా చెబుతారనీ ఆడవాళ్ళ భయం.

ఇంతకీ ఆమె పొట్టిది. రెండు ఇటుకలు పేర్చుకుని నిలబడితే గాని దుప్పటి అంచు డాక్టరమ్మ తలను దాటేది కాదు. బిలోలి మాట దేవుడెరుగు, ఆ చేతులకు పక్క గోడ కూడా అందేది కాదు.

ఒకప్పుడు ముప్పై మంది వచ్చేవారు. ఆ రోజు వచ్చింది ఐదుగురు. నిరుడు కూలికి పోయే ద్రౌపదికి రొమ్ములో గడ్డ తగిలిందని మైసవ్వే వెంటబెట్టుకుని నాందేడ్ తీసుకుపోయింది. కోసి చూస్తే అది ఉత్త కొవ్వు గడ్డ. పుండు మాత్రం మూడు నెలలు మానలేదు, పత్తి ఏరే కూలి అంతా పోయింది. అదే చేత్తో నాలుగేళ్ళ కిందట గోదావరి అనే ఆమెను తీసుకుపోతే, క్యాన్సర్ గడ్డ కోయించుకుని బతికింది. ఇప్పటికీ కలుపు తీస్తోంది. ఊరు మాత్రం ద్రౌపది సంగతే చెప్పుకుంటుంది.

"ఇయ్యాల ఎవర్ని కత్తి కింద పెట్టిస్తవే మైసక్కా?" కట్టెల మోపు నెత్తిన పెట్టుకుని పోతూ ద్రౌపది అడిగింది.

మైసవ్వ ఇటుకలెక్కి దుప్పటి ఎత్తింది. ఎడమ చెయ్యి ఎత్తినప్పుడల్లా రవికెలో రేగుపండంత గడ్డ ఒరుసుకుంటోంది. మొదట శనగగింజంతే ఉండేది. ఇది ద్రౌపది గడ్డలాంటిదా, గోదావరి గడ్డలాంటిదా? దుప్పటికి అవతల నిలబడితే గాని తెలియదు. ఆమె ఎప్పుడూ ఇవతలే.

ఐదో ఆమె కొంగు సర్దుకుని పోయింది. డాక్టరమ్మ సంచి మూస్తోంది. మైసవ్వ చేతులు దించలేదు. అప్పుడు, పోయిన ద్రౌపది వెనక్కి వచ్చి, మోపు దించి దుప్పటి కొసలు అందుకుంది.

"నేను పట్టుకుంట. కండ్లు గట్టిగ మూసుకుంట. పో, సూపించుకో."

"నువ్వా? అంత ఎత్తు నీకేడ అందుతదే?" అని మైసవ్వ నవ్వింది. "బస్సు టైమైంది. అచ్చే నెల సూద్దం తియ్."

వచ్చే నెల వచ్చింది, ఆ పై నెలా వచ్చింది. పత్తి ఏరడం మొదలయ్యేసరికి ఆమె చెయ్యి పైకి లేవలేదు. ఎండలు ముదరకముందే పోయింది.

ఇక నిజం చెప్పాలి. ద్రౌపది మోపు దించిందన్నది నేను కల్పించిందే. కత్తి మాట అని, అలాగే పోయింది. 'నేను పట్టుకుంట' అని ఆ రోజు మైసవ్వతో ఎవరూ అనలేదు.

దుప్పటి ఇప్పటికీ ఆ గది మేకుకే వేలాడుతోంది. చేతి చెమటకు నల్లబడ్డ ఆ రెండు ముడులూ ఎవరూ విప్పలేదు.