కొసలు ఉంచి వెళ్ళిన వదిన

ఆ వీధిలో అందరూ ఆమెను దర్జీ అక్క అంటారు. కుట్టిన బట్టను చేతికిచ్చే ముందు తిరగేసి చూసి, ఎక్కడ దారపు కొస వేలాడినా కటుక్కున కత్తిరించేస్తుంది. ఒక్క కొస మిగిలినా ఆమెకు తల కొట్టేసినంత పని. అలాంటి మనిషితో, గడప దాటుతూ, "కొసలు ఉంచే వెళ్తున్నానే" అంది వదిన. అని, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయింది.

వదినది నది ఎగువన మగ్గాల ఊరు. అన్నయ్య పోయాక కూడా వదినా మరదళ్ళిద్దరూ ఒకరినొకరు ఆటపట్టించుకుంటూ ఆ ఇంట్లోనే ఉండేవారు. ఒకరోజు వదిన బజారుకు వెళ్ళిన సమయం చూసి దర్జీ అక్క అన్నయ్య మంచం తీయించి, ఆ గదిలో రెండో కుట్టుమిషను పెట్టించింది. పని పెరిగింది, చోటు చాలడం లేదు, నిజమే. ఒక్క మాట అడిగితే ఏం పోయేది? అడగలేదు సరికదా, వదిన కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, "పోయినవాడికి మంచమెందుకు?" అని నోరు జారింది. ఆ సాయంత్రమే వదిన సంచీ సర్దుకుని పుట్టినూళ్ళో ఉన్న తన అక్కగారింటికి వెళ్ళిపోయింది.

అప్పటినుంచి దర్జీ అక్కకు వదిన అన్న ఆ మాటే చెవుల్లో గింగురుమంటోంది. కొసలు ఉంచడమేమిటి? తన పనికి వంక పెట్టిందా, శాపం పెట్టిందా? తిట్టే అయితే ఏ మొహం పెట్టుకుని వెళ్ళి తలుపు తట్టడం? తిట్టు కాకపోతే తనే వస్తుందిలే అనుకుంది. అలా అనుకుంటూనే రెండేళ్ళు గడిచిపోయాయి. మధ్యాహ్నం మిషను ముందే కునుకు పడితే, ఇంటి కప్పులోంచి సన్నని తెల్లదారాలు దిగుతూ కనిపించేవి. అవి ఆమె భుజాలను తాకుతూ గాలికి మెల్లగా ఊగేవి. కత్తెర తీసుకుందామంటే చెయ్యి లేచేది కాదు. మెలకువ వచ్చాక, ఎందుకో తెలియని దిగులు సాయంత్రం దాకా వదిలేది కాదు.

బట్టలు కుట్టించుకోవడానికి వచ్చిన టీచరమ్మను అడిగితే, "తలా తోకా లేని మాట, వదిలెయ్యండి" అంది. బొత్తాల కొట్టాయన తనకు తోచిన అర్థాలు బోలెడు చెప్పాడు, ఒకదానికొకటి పొసగదు. చివరికి దారాలు తెచ్చే మనిషి తల గోక్కుని, "ఎగువన మగ్గాల వాళ్ళు అంటుండగా విన్నానక్కా. మంచికో చెడుకో నాకూ తెలీదు. అక్కడికే వెళ్ళి అడుగు" అన్నాడు.

వదిన కోసం కాదు, మాట కోసమే వెళ్తున్నానని తనకు తనే నచ్చచెప్పుకుని బస్సెక్కింది. దారంతా పొగమంచు. నది ఎక్కడ ఆగిందో, ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియలేదు. బస్సు దిగేసరికి ప్రతి గోడ వెనకనుంచీ మగ్గాల చప్పుడు. ఊరంతా నిద్రలో నడుస్తున్నట్టుంది. తెరిచి ఉన్న ఒక తలుపు దగ్గర ఆమె కాళ్ళు వాటంతటవే ఆగాయి.

లోపల ఒక పెద్దావిడ నేసిన బట్టను అప్పుడే కోసి మడత పెడుతోంది. మగ్గం మీద, దువ్వెనలాంటి అచ్చులోంచి జానెడు పోగులు వరసగా వేలాడుతున్నాయి. దర్జీ అక్క చెయ్యి ఊరుకోలేదు.

"ఇవి కత్తిరించలేదేం?" అని అడిగింది.

"కత్తిరిస్తే నా కొంప మునుగుతుంది తల్లీ!" పెద్దావిడ పకపకా నవ్వింది. "ఇవి తీసేశామంటే మళ్ళీ ఒక్కో పోగూ ఆ సందుల్లోంచి దూర్చుకు రావాలి. ప్రాణం పోతుంది. అందుకే కొసలు ఉంచుతాం. కొత్త పడుగు, అంటే నిలువు పోగుల కట్ట తెచ్చి, దాని పోగును దీనికి అతికేస్తే బట్ట మళ్ళీ సాగుతుంది."

దర్జీ అక్క గబుక్కున అడిగింది. "మరి అలిగి వెళ్ళే మనిషి ఈ మాట అంటే?"

"తెంచుకుని పోవడం లేదని. కోపం ఉంది గానీ, కలుపుకుంటే కలుస్తానని."

ఎన్నాళ్ళో మోసిన బరువు దిగినట్టయింది. ఆ సంబరంలోనే చిన్న ఉక్రోషం కూడా పుట్టుకొచ్చింది. "మరి ఇన్నాళ్ళూ రాలేదేం?"

పెద్దావిడ ఆమెను వింతగా చూసింది. "వెళ్ళినామె ఎలా వస్తుందమ్మా? కొసలు వాటంతటవే అతుక్కుంటాయా? మగ్గం దగ్గర ఉన్నది నువ్వు. కొత్త పోగు తెచ్చి అతకాల్సింది నువ్వే."

దర్జీ అక్కకు అప్పుడు తట్టింది. తను గుమ్మం వైపు చూస్తూ కూర్చున్న రెండేళ్ళూ, ఇక్కడ ఇంకో గుమ్మం దగ్గర వదిన కూడా అలాగే కూర్చుందన్నమాట. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

వదిన అక్కగారిల్లు అదే వీధి చివర. తలుపు తీసింది వదినే. జుట్టు నెరిసింది, మొహంలో నవ్వు లేదు.

"మంచం మళ్ళీ గదిలో వేయిస్తాను. ఆ రోజు అనకూడని మాట అన్నాను. ఇంటికి రా వదినా" అంది దర్జీ అక్క. వదిన గడప దగ్గరే నిలబడిపోయేసరికి గాభరాపడి, టీచరమ్మను, బొత్తాల కొట్టాయనను, దారాల మనిషిని, పెద్దావిడను, ఆ మాటకు అర్థం ఎవరెవరిని అడిగిందో అంతా ఏకరువు పెట్టింది.

వదిన అంతా విన్నది. కళ్ళు తుడుచుకుంది.

"ఊరందరినీ అడిగావు" అంది. "ఆ మాట అన్నదాన్ని నేనున్నాను కదే. నన్నెందుకు అడగలేదూ?"