నీలవేణి ఎడమ చెప్పు

నేను ఒక ఎడమకాలి చెప్పును. నా జోడు మామూలు చెప్పే. నా అడుగు మాత్రం మూడు వేళ్ల మందం. నీలవేణికి ఎడమకాలు కాస్త పొట్టి. ఏసోబు తాత లారీ టైరు కోసి, పొర మీద పొర పెట్టి నన్ను కుట్టాడు. కిందటి క్రిస్మస్‌కి ముందే ఆయన పోయాడు. ఇంకో జత కుట్టేవాళ్లు మా చుట్టుపక్కల లేరు.

పట్నంలో ఒకే ప్రహరీ లోపల ఏడు మ్యూజియాలున్నాయనీ, టికెట్ లేదనీ ఝాన్సీ టీచర్ తొమ్మిదో తరగతి ఆడపిల్లల్ని బస్సులో తీసుకొచ్చింది. మొదటి భవనం మెట్ల దగ్గర అందరూ బడిలోలాగే చెప్పులు విప్పేశారు. విప్పమని ఎవరూ అనలేదు. నీలవేణి ఒక్క క్షణం ఆగింది. తనొక్కతే వేసుకుంటే అందరూ చూస్తారని నన్నూ విప్పింది. లోపల ఎవరో రాజుగారి చెప్పుల్ని అద్దాల పెట్టెలో పెట్టారట. మేం మాత్రం ఎండలో ఉన్నాం.

పిల్లలు వెనక గుమ్మం గుండా రెండో భవనానికి, అట్నుంచి మూడోదానికి వెళ్లిపోయారు. ఇంతలో మెట్లు కడిగే ఆవిడ నన్ను తీసి పక్కనున్న ఖాళీ రాతిదిమ్మె మీద పెట్టి, మర్చిపోయింది. ఏడో భవనంలో గానీ టీచర్ వట్టి కాళ్లు చూడలేదు. ఇదేమన్నా గుడి అనుకున్నారా అని కోప్పడి ఇద్దర్ని పంపితే, వాళ్లు చెప్పులన్నీ చున్నీల్లో మూటగట్టుకుపోయారు. నా జోడూ వెళ్లిపోయింది. దిమ్మె మీదకి ఎవరూ చూడలేదు.

చూసినవాళ్లు వేరే ఉన్నారు. నా చుట్టూ ఆరేడుగురు చేరారు. పూర్వం మనుషులు పొడుగ్గా కనబడ్డానికి ఇలాంటివి తొడిగేవారని ఒకాయన భార్యకి చెబుతున్నాడు. కాపలా మనిషి అప్పుడే డ్యూటీ మారి వచ్చాడు, అతనూ వింటున్నాడు.

అప్పుడు వచ్చింది నీలవేణి. మంచినీళ్లకని టీచర్‌కి చెప్పి, ఏడు భవనాల దూరం కుంటుకుంటూ వచ్చింది. గేటు దగ్గర బస్సు హారన్ కొడుతోంది. నన్ను చూసి చెయ్యి చాపింది.

"దూరంగా ఉండమ్మా. ముట్టుకోకూడదు," అన్నాడు కాపలా మనిషి.

చెయ్యి వెనక్కి తీసుకుంది. నాది అంటే చాలు. కానీ అంటే అందరూ తన కాలు చూస్తారు. మళ్లీ హారన్. అరవడానికి నాకు నోరు లేదు. ఆమెకి నోరుండీ మాట రావడం లేదు. రెండడుగులు వెనక్కి వేసింది. నా పని అయిపోయిందనుకున్నాను.

"అది నాదండీ."

నాకే సరిగ్గా వినబడలేదు.

"ఏమన్నావమ్మా?"

ఆమె తల దించుకుని, ప్యాంటు అంచు జానెడు పైకి లాగింది. కాపలా మనిషి నన్ను రెండు చేతులతో తీసి, వంగి ఆమె పాదం దగ్గర పెట్టాడు.

"వేసుకో తల్లీ."

బస్సు అందుకునే పరుగులో నా కింది పొర కొస ఊడింది. దాన్ని అతికే చెయ్యి ఇక లేదని నాకు తెలుసు, ఆమెకీ తెలుసు. ఎన్నాళ్లు మోస్తానో చెప్పలేను.

మర్నాడు బడి గుమ్మం దగ్గర అందరూ చెప్పులు విప్పారు. నీలవేణి ఆగింది. వంగి, ఊడిన పొరని వేలితో ఒకసారి నొక్కింది. నన్ను వేసుకునే లోపలికి నడిచింది.