నక్షత్రానికి వేరే లైను

"వంటింట్లో ఏముంటుందమ్మాయ్, ఒక లైటు, ఒక మిక్సీ. హాల్లో లైన్లోంచే ఒకటిన్నర ఎమ్మెమ్ సన్న తీగ లాగితే చాలు," అన్నారు మామయ్యగారు సుద్దముక్క చేత్తో పట్టుకుని.

బాచుపల్లిలో కడుతున్న మా ఇంట్లో, ఇంకా ఇటుకలు కనిపిస్తున్న గోడల మధ్య నిలబడి ఉన్నాం. సోమవారం నుంచి ప్లాస్టరింగ్. ఈలోపు గోడలు చెక్కి కరెంటు పైపులు కూర్చోబెట్టాలి. తీగలు తర్వాత ఆ పైపుల్లోంచే లాగుతారు. ఇవాళ పైపు పడని గదికి ఇక వేరే లైను కలలో మాటే. రంగులేసిన గోడని నా వంట కోసం మళ్లీ పగలగొట్టించే మగాణ్ణి నేనింకా చూడలేదు.

ఇల్లు కట్టుకునే ప్రతివాళ్లకీ ఇలాంటి రోజు ఒకటి వస్తుంది. ఎలక్ట్రీషియన్ సుద్దముక్క తీసి ఇంటి పెద్ద చేతిలో పెడతాడు. ఆయన గదిగదీ తిరిగి, ఇక్కడ ఫ్యాను, ఇక్కడ ప్లగ్గు అని గోడల మీద గీస్తాడు. ఆడవాళ్లని అడిగేది ఒకే ఒక్క మాట, కాలింగ్ బెల్లు గంట కొట్టాలా, పిట్ట కూయాలా అని. నన్నూ అడిగారు. పిట్ట అన్నాను. నా పని అయిపోయింది, ఫ్లాస్కులో టీ పొయ్యమన్నారు.

మామయ్యగారు రిటైరైన హెడ్మాస్టరు. ఇమ్మాన్యుయేల్ మాస్టారంటే మా గుంటూరు సంఘంలో పాస్టరుగారు కూడా లేచి నిలబడతారు. ఆయన ముందు డాబా ఎక్కి, క్రిస్మస్ నక్షత్రం ఎక్కడ కడతారో అక్కడ మొదటి పాయింటు గీశారు. దానికి మెయిన్ బోర్డు నుంచి విడిగా లైను. వాన పడి నక్షత్రం షార్టయితే ఇంట్లో కరెంటు పోకూడదుగా! నక్షత్రం అంటే నాకూ ప్రాణమే, డిసెంబరు వస్తే రంగుకాగితాలు అతికించేది నేనే. కానీ ఏడాదికి ఒక్క నెల వెలిగే బల్బుకి వేరే లైను, పూట తప్పకుండా నడిచే వంటింటికి హాల్లో లైటు దగ్గర్నుంచి భిక్ష. తర్వాత మా ఆయన ప్రేమ్ కుమార్ తన కంప్యూటరు గదిలో ఏసీ పాయింటు గీశాడు. దానికి నాలుగు ఎమ్మెమ్ తీగ, అన్నిటికన్నా లావుది. ఏసీ ఇంకా కొననే లేదు. కొనని ఏసీకి ఉన్న మర్యాద కట్టుకున్నదానికి లేకపోయె.

చెప్పలేదు కదూ, నాది ఎలక్ట్రికల్ డిప్లొమా. పాలిటెక్నిక్‌లో మా బ్రాంచిలో ఉన్న ఆడపిల్లలం ఇద్దరమే. ఏ తీగ ఎంత కరెంటు మోస్తుందో, ఎక్కడ వేడెక్కుతుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. పెళ్లిచూపుల్లో ఈ చదువు గురించి గొప్పగా చెప్పుకున్నారు, పెళ్లయ్యాక ఎవరూ అడగలేదు. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారే, అదీ నా సంగతి. ఇప్పుడు మాదాపూర్‌లో ఒక చిన్న కంపెనీలో ఫ్రంటాఫీసులో కూర్చుంటాను. మొన్న అక్కడ యూపీయస్ మాటిమాటికీ ఆగిపోతుంటే, కాఫీ మిషను కూడా దాని మీదే తగిలించారండీ, అందుకే అన్నాను. మా మేనేజరు తియ్యగా నవ్వి, "కాఫీ సంగతి మీరు చూడండి మేడమ్, కరెంటు సంగతి మేం చూస్తాం," అన్నాడు. మధ్యాహ్నం ఎవరో కుర్రాడొచ్చి కాఫీ మిషను ప్లగ్గు పీకి వేరే చోట పెడితే, యూపీయస్ మళ్లీ ఆగలేదు, ఆ కుర్రాణ్ణి మెచ్చుకున్నారు. నేను అందరికీ కాఫీ పంపించాను.

మియాపూర్ డిపో వెనక మేమిప్పుడుంటున్న అద్దె ఇంట్లో సంగతి ఇంకా విడ్డూరం. పొద్దున పూట అక్కడ ఫ్యూజు పోతూ ఉండేది. పోవాల్సిందే, దాని పనే అది, మోయలేనంత మీద పడితే ముందు తను తెగిపోయి ఇంటిని కాపాడుతుంది. ప్రేమ్ విసుగెత్తి ఒకనాడు లావుపాటి రాగితీగ నాలుగు చుట్లు చుట్టేశాడు. "ఇక చచ్చినా పోదు," అన్నాడు గర్వంగా. ఫ్యూజు పోదు నాయనా, గోడలో తీగ మండుతుంది! ఆయన ఆఫీసుకెళ్లగానే ఆ రాగి పీకేసి సరైన ఫ్యూజు తీగ నేనే వేశాను. ఆదివారం క్రికెట్ మ్యాచ్ మధ్యలో అది టప్‌మంది. "ఎవరు ముట్టుకున్నారు ఫ్యూజుని?" అని ఇల్లు ఎగిరిపోయేలా అరిచాడు. అత్తయ్యగారు పోయాక ఈ ఇంట్లో ఆడదాన్ని నేనొక్కదాన్నే, అయినా "ఎవరు" అనే అడిగాడు. నేను మాట్లాడలేదు. ఆ మాట్లాడకపోవడం తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే మండిపోతుంది.

అందుకే ఈ శనివారం నోరు మూసుకోదలచుకోలేదు.

"వంటింటికి మెయిన్ నుంచి వేరే లైను కావాలి. నాలుగు తీగ," అన్నాను.

"ఎవా, పెద్దాయన చెప్తున్నారుగా," అన్నాడు ప్రేమ్ నన్ను పేరు పెట్టి పిలిచి, గొంతు తగ్గించి. ఆయన గొంతు తగ్గించాడంటే నన్ను తగ్గమని అర్థం.

ఎలక్ట్రీషియన్ పెంటయ్య నవ్వాడు. "నాలుగా? వంటింట్ల ఫ్యాక్టరీ పెడ్తరా ఏంది మేడమ్?"

మొగుడు కొట్టినందుక్కాదు, తోడికోడలు నవ్వినందుకు అన్నట్టు, ఆ నవ్వుకి నాకు ఒళ్లు మండింది. "ఫ్యాక్టరీయే పెంటయ్యా. జీతం లేని ఫ్యాక్టరీ," అన్నాను.

అతను నవ్వు ఆపి, చెవి మీది పెన్సిలు సర్దుకున్నాడు. "గట్ల కోపం జెయ్యకుండ్రి. పొద్దుగాల ఒక్కపారే ఏమేం నడుస్తయో చెప్పుండ్రి, లోడు చూసి తీగ వేద్దాం."

సరైన ప్రశ్న. తీగ లావు గదిని బట్టి కాదు, ఒకేసారి మోసే బరువును బట్టి. చెప్పడం మొదలుపెట్టాను. పిండి గ్రైండరు, చట్నీకి మిక్సీ, కరెంటు కుక్కర్లో అన్నం, ఫ్రిజ్జు ఎలాగూ ఉంది. మామయ్యగారి స్నానానికి బకెట్లో హీటరు. ప్రేమ్ చొక్కాకి ఇస్త్రీపెట్టె. పొద్దున బస్సు అందుకోవాలంటే అన్నీ ఒకేసారి నడవాల్సిందే.

"ఇస్త్రీపెట్టె వంటింట్ల ఎందుకు మేడమ్?" అన్నాడు పెంటయ్య, అమాయకంగానే.

ఎందుకంటే పప్పు మాడకుండా చూసుకోవాలి గనక, పొయ్యి పక్కన గట్టు మీదే దుప్పటి మడిచి ఇస్త్రీ చేస్తాను, అందామని నోరు తెరిచాను. అంతలోనే ఇంకోటి తట్టింది. మరి హీటరు? నీళ్లు మరిగిపోకుండా చూసేది నేనే గనక అదీ వంటింటి మూలకే వచ్చింది. నేనెక్కడుంటే ఈ ఇంట్లో బరువంతా అక్కడికి వచ్చి చేరింది. ఇది వంటింటి లోడు కాదు, నా లోడు! మాకు కాలేజీలో చెప్పారు, ఒక లైను మీద భారం ఎక్కువైతే రెండు దారులు, తీగనైనా లావు చెయ్యాలి, భారాన్నైనా పంచాలి. ఇన్నేళ్లూ నేను మొదటి దారే పట్టాను. ఇంకాస్త ముందు లేవడం, ఇంకాస్త వేగంగా నడవడం, బస్సులో నిలబడి కునకడం. ఇవాళ పోట్లాడి అడుగుతున్నదీ అదే, నా మీద ఇంకా వేయండి, నేను మోస్తాను, తీగ మాత్రం లావుది ఇప్పించండి అని. ఓసి పిచ్చిదానా! ఏడుపొచ్చింది, ఆ వెంటనే నవ్వొచ్చింది, ఆ తర్వాత ఒంట్లోకి ఎక్కడిదో ఓపిక వచ్చింది.

"మామయ్యగారూ, ఆ సుద్దముక్క ఇలా ఇవ్వండి."

ఆయన కొడుకు వంక చూశారు. కొడుకు పైకప్పు వంక చూశాడు. సుద్దముక్క నా చేతిలోకి వచ్చింది.

"పెంటయ్యా, వంటింటికి వేరే లైనే. నాలుగు వద్దు, రెండున్నర చాలు."

"ఇప్పుడే నాలుగంటిరి?"

"సగం లోడు తీసేస్తున్నాను." బాత్రూము గోడ దగ్గరికెళ్లి గీశాను. "ఇక్కడ గీజరు. దీనికి విడిగా మెయిన్ నుంచి నాలుగు తీగ. స్విచ్చి బయట, తలుపు పక్కన."

"నేనే వేసుకోవాలా అమ్మాయ్ స్విచ్చి?" అన్నారు మామయ్యగారు.

"మీరే వేసుకోవాలండీ. మీరే ఆపుకోవాలి."

ఆయన కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు. బళ్లో తప్పు లెక్క చూసినప్పుడు అలాగే చేసేవారట. ఇప్పుడు ఏదో ఒకటి అంటారని గుండె దిటవు చేసుకున్నాను. "అయితే ఎర్రలైటు వెలిగే స్విచ్చి పెట్టించమ్మా. నేను మర్చిపోతాను," అన్నారు. అంతే. ఇంత చిన్న మాటకి ఇన్నేళ్లు భయపడ్డానా అనిపించింది. అడగనిదే ఆయనకీ తెలియదు కాబోలు, తెలియనక్కర్లేకుండా పెరిగారు కాబోలు. ఆ లెక్క తర్వాత తేల్చుకుంటాను.

అక్కణ్ణుంచి హాల్లోకి వచ్చాను. టీవీ పాయింటు పక్కన జానెడు చోటు వదిలి నిలబడ్డాను. "ఇక్కడొక పవర్ పాయింటు. ఇస్త్రీపెట్టెకి."

ప్రేమ్ నా వెనకే వచ్చాడు. "హాల్లో ఎవరు ఇస్త్రీ చేస్తారు ఎవా?"

"టీవీ చూసేవాళ్లు."

పెంటయ్యకి ఉన్నట్టుండి దగ్గొచ్చింది. మామయ్యగారు కిటికీలోంచి బయట కంకర కుప్పని శ్రద్ధగా చూడసాగారు. ప్రేమ్ ముఖంలో కోపం వస్తుందేమో అని చూశాను. వచ్చింది కూడా. నేను గోడ దగ్గర్నుంచి కదల్లేదు.

"ఎంత ఎత్తుల పెట్టాలె మేడమ్?" అన్నాడు పెంటయ్య, దగ్గు సర్దుకుని.

"ఏమండీ, ఇలా వచ్చి గోడకి ఆనుకుని నిలబడండి," అన్నాను.

కాసేపటికి వచ్చాడు. నిలబడ్డాడు. మోచెయ్యి వంచమన్నాను, వంచాడు. ఆ మోచేతి దగ్గర గోడ మీద గీత గీశాను.