బషీర్‌ను లేపడం

మూడు నెలలుగా జిమ్‌కి వెళ్తున్నాను. యాభై ఒకటో ఏట దీనికిదేం పోయేకాలమని మా వీధిలో అందరూ చెవులు కొరుక్కుంటూనే ఉన్నారు. నేను వెళ్ళేది సన్నబడడానికి కాదు. మా ఆయన్ని మంచం మీంచి లేపి, బాత్‌రూమ్‌కి తీసుకెళ్ళే చక్రాల కుర్చీలో కూర్చోబెట్టడానికి.

బషీర్‌కి పక్షవాతం వచ్చి రెండేళ్ళయింది. ఎడమ పక్కంతా పడిపోయింది. చిలకలపూడిలో రోల్డుగోల్డు గాజులకి రాళ్ళు అతికించిన మనిషి, ఇప్పుడు చొక్కా గుండీకి కూడా నన్నే పిలుస్తాడు. రోజుకి ఐదుసార్లు లేపాలి, ఐదుసార్లు దించాలి. ఇక నా వల్ల కాదని నా నడుం ఎప్పుడో చెప్పేసింది.

బందరులో మా వీధి చివరి జిమ్‌లో పదకొండింటికి ఆడవాళ్ళ బ్యాచ్. నేర్పే అమ్మాయి వీరదుర్గ. గుడ్లవల్లేరులో ఇంజినీరింగు చదువుతూ బరువులెత్తే పోటీలకి వెళ్ళేదట. "ఆంటీ, వీపు నిటారుగా. బరువు ఒంటికి దగ్గరగా. నడుంతో కాదు, కాళ్ళతో లేవండి." రోజూ ఇదే పాట. మొన్న నలభై కిలోల రాడ్ ఎత్తితే అందరూ చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం అక్కడే పడుకుని నిద్రపోవాలనిపించింది.

నిన్న ఆ చప్పట్ల ధైర్యంతో బషీర్‌ని ఒక్క ఊపున లేపబోయాను. సగంలో జారిపోయాడు. ఇద్దరం నేల మీద పడ్డాం. పక్కింటి నాంచారయ్య గారు పరిగెత్తుకొచ్చి బషీర్‌ని కుర్చీలో కూర్చోబెట్టేసరికి లుంగీ తడిసిపోయింది. పాపం, నాంచారయ్య గారు చూడనట్టే తల తిప్పుకుని వెళ్ళిపోయారు.

బషీర్ గోడ వైపు చూస్తూ, "రేపట్నుంచి నన్ను లేపొద్దు. డైపర్ వేసెయ్" అన్నాడు.

వద్దని నేననలేదు. పైగా ప్రాణానికి హాయిగా అనిపించింది. ఆ హాయి గుర్తొస్తే నా మీద నాకే అసహ్యం.

ఇవాళ జిమ్‌లో రాడ్ ముట్టుకోలేదు. వీరదుర్గ పలకరించేసరికి అంతా కక్కేశాను. "నలభై కిలోల ఇనుము లేస్తోంది, అరవై కిలోల మొగుడు లేవట్లేదు. ఏం నేర్పావమ్మా నాకు?" అని విసుక్కున్నాను.

ఆ పిల్ల ఏమీ అనుకోలేదు. "ఎలా లేపుతున్నారో ఒకసారి చూపించండి ఆంటీ" అంది.

గిలకలదిండిలో చేపల వ్యాపారం చేసే మహాలక్ష్మమ్మ గారు మోకాళ్ళ నొప్పులకని మా బ్యాచ్‌కే వస్తారు. "నన్నే మీ ఆయననుకో వదినా" అంటూ బెంచీ మీద చతికిలబడ్డారు. ఎనభై కిలోలకి తక్కువుండరు. ఆవిడ చంకల కింద చేతులు పెట్టి, అలవాటు కొద్దీ "కదలకండి, నేను చూసుకుంటాను" అని లాగాను. ఆవిడ అంగుళం కూడా లేవలేదు.

"ఆగండాగండి" అంది వీరదుర్గ. "కదలొద్దని ఎందుకన్నారు?"

"ఆస్పత్రిలో మొదటి వారం నర్సు చెప్పింది. మనిషిని కదలనివ్వొద్దని."

"అది రెండేళ్ళ కిందటి మాట కదండీ. అంకుల్‌కి కుడి కాలు బాగానే ఉందిగా?"

"ఉంది."

"మరి దానికి పనెందుకు చెప్పట్లేదు?"

మహాలక్ష్మమ్మ గారి చంకల కిందనుంచి చేతులు తీసేశాను.

పాదాలు కాస్త వెనక్కి జరిపించాలంది వీరదుర్గ. పడిపోయిన మోకాలికి నా మోకాలు అడ్డం పెట్టాలి. నడుముకి గట్టి బెల్టు కట్టి, అది పట్టుకుని, ఆయన్ని ముందుకి వంగమని, మూడు అనగానే ఇద్దరం కలిసి లేవాలి. అలా చేస్తే మహాలక్ష్మమ్మ గారు చటుక్కున లేచి నిలబడ్డారు. "ఓసినీ, లేచింది నేనేగా!" అని ఆవిడే ఆశ్చర్యపోయారు. పదిసార్లు చేయించి గానీ వీరదుర్గ నన్ను వదల్లేదు.

ఇంటికెళ్ళేసరికి బషీర్ ముఖం తిప్పుకుని, "తెచ్చావా?" అన్నాడు. డైపర్ గురించి.

"తేలేదు. ఒక్కసారి ముందుకి వంగండి. మూడు అనగానే మీరు కూడా లేవండి."

"నేనా?"

"మీరే."

ఆయన నడుముకి బెల్టు బిగించి, మోకాలు అడ్డం పెట్టి, మూడు అన్నాను. ఆయన కుడి కాలు గజగజ వణికింది. నా చేతుల్లో బరువు తగ్గుతూ వచ్చింది. లేచాడు. ముఖంలోకి చూడాలంటే నేను తలెత్తాల్సి వచ్చింది. రెండేళ్ళలో మంచం వైపు తల వంచడమే తప్ప, ఆయన్ని ఇలా చూడనే లేదు.

సంతోషించాల్సింది పోయి నాకు ఒళ్ళు మండిపోయింది. "కాల్లో ఇంత బలం పెట్టుకుని నా నడుం విరిగేదాకా ఎందుకు ఊరుకున్నారండీ?" అని ఏడుస్తూ అరిచాను.

బషీర్ గడ్డం నా భుజం మీద ఆనించాడు.

"నువ్వు కదలొద్దన్నావు షరీఫా. అప్పటికే అలసిపోయి ఉండేదానివి. ఎదురు చెప్తే ఇంకా అలసిపోతావని చెప్పలేదు."