మజ్జలో నీలం

మా వదిన ఎలుకల మోకాళ్ళు కోసి, అదే చేత్తో మాకు వండి పెడుతుందని పక్కింటి పిన్నిగారు టైలరు భార్యతో అన్నదట. ఆవిడ మొగుడి చెవిన వేసింది. టైలరు నా చొక్కాకి కొలతలు తీసుకుంటూ, టేపు మెడకి బిగించి మరీ అడిగాడు, "నిజమేనా బాబూ?" అని. కొయ్యడం నిజమే. చేతుల సంగతంటారా, మా వదిన ఒకసారి చేతులు కడుక్కునేలోపు పిన్నిగారు రెండు వీధులు చుట్టి రాగలదు.

వదిన ఓ పరిశోధన సంస్థలో పనిచేస్తుంది. అక్కడ వాళ్ళ పనంతా వాపుల మీద. ఆ సంగతి నాకు అర్థమయ్యేట్టు ఆవిడే చెప్పింది.

"ఒంట్లో ఎక్కడ దెబ్బ తగిలినా రక్తంలోంచి కాపలా కణాలు పరుగెత్తుకొస్తాయి మరిదిగారూ. అందుకే ఆ చోటు ఎర్రబడి ఉబ్బుతుంది. పని కాగానే వెళ్ళిపోవాలి. కొందరి కీళ్ళలో వెళ్ళవు. పెళ్ళికొచ్చి నెల దాటినా మంచం దిగని చుట్టాల్లా తిష్ఠ వేసి, ఉన్న ఇంటినే తినేస్తాయి."

మా అమ్మ వేళ్ళలో దిగినవి అలాంటి చుట్టాలే. పదేళ్ళయింది. సీసా మూత తిప్పాలన్నా, గుండీ పెట్టుకోవాలన్నా వదినే కావాలి.

ఓ రోజు కారియరు ఇవ్వడానికి వెళ్ళి ఆవిడ పని దగ్గరుండి చూశాను. ఎలుక మోకాలిని మైనం దిమ్మలో బిగించి, యంత్రం చక్రం తిప్పుతూ పొరలు తీస్తోంది. వెంట్రుకని నిలువునా పదిహేను చీలికలు చేస్తే ఒక్క చీలిక ఎంతుంటుందో, అంత పలచన. పొరకి పొర అంటుకుని రిబ్బనులా జారుతోంది. దాన్ని కుంచెతో ఎత్తి, గోరువెచ్చని నీళ్ళ మీద పరిచి, గాజుపలక మీదికి పట్టేదాకా ఆవిడ ఊపిరి తియ్యలేదు. భయానికి నేనూ తియ్యలేదు. తీసుంటే ఆ పొర ఎగిరిపోయేది, దాని వెనకాలే నన్నూ కిటికీలోంచి ఎగరేసేది.

ఆ పైన రంగులద్దుతుంది. కణాల నడిబొడ్డు నీలం, మిగతాదంతా గులాబి. వాచిన కీలులో నీలం చుక్కలు చీమలబారుల్లా కనిపిస్తాయి.

పద్దెనిమిదేళ్ళుగా ఆవిడ కోసిన పొరల మీద ఎంతమందో డాక్టర్లు వ్యాసాలు రాసుకున్నారు. ఒక్కదాని మీదా ఆవిడ పేరు లేదు. ఈసారి మాత్రం విభాగానికి అధిపతి పెద్ద మేడం పిలిచి, "మీ పేరు మూడోది" అంది. మా అన్న ఆ మాట బస్సులో కండక్టరుకి కూడా చెప్పాడు. వ్యాసం అచ్చయితే గోడకి తగిలిద్దామని ఫ్రేము కొనేశాడు.

ఫలితం కూడా అలాంటిదే మరి. వాపు తగ్గుతుందేమోనని కొత్త మందు వేసి చూసిన ఎలుకల కీళ్ళలో నీలం చుక్కలు మూడో వంతుకి పడిపోయాయి. లెక్కపెట్టింది మేడం శిష్యుడు చిన్న డాక్టరు. ఏ పలక ఏ ఎలుకదో తెలియకుండా పలక మీది ఒట్టి అంకెలే చూస్తూ లెక్కపెట్టాడు గనక, అతని ఆత్రానికి అందులో చోటు లేదు. ఆ సాయంత్రం అమ్మ రెండు చేతులూ ముందుకి చాపి చూసుకుంది.

"నేనుండగానే వస్తుందంటావా, ఆ మందు?"

"వస్తుందత్తయ్యా."

మర్నాడు పలకలు పెట్టెల్లో సర్దుతూ, మురిపెం కొద్దీ మందు వేసిన ఎలుకది ఒకటి మైక్రోస్కోపు కింద పెట్టింది వదిన. కీలు చూసి, పక్కనున్న ఎముక మజ్జ మీదికి జరిపింది. అక్కడ ఆగిపోయింది. మజ్జంటే రక్తకణాలు పుట్టే చోటు. మందు వేసినా వెయ్యకపోయినా అక్కడ నీలం కిటకిటలాడాలి. అదీ వెలవెలబోతోంది. ఇంకోటి పెట్టింది. అదీ అంతే.

రిజిస్టరు తీసింది. రాత తనదే.

ఎముకని కొయ్యాలంటే ముందు ఆమ్లంలో నానబెట్టి మెత్తబరచాలి. ఒక్క పగలు చాలు. ఎక్కువ నానితే కణాలకి నీలం పట్టదు. మందు వెయ్యని ఎలుకలవి బుధవారం నానేసి సాయంత్రానికి తీసింది. మందు వేసినవి శుక్రవారం పొద్దున వేసింది. ఆ మధ్యాహ్నమే అమ్మ చేతుల్లోంచి వేడినీళ్ళ గిన్నె జారి పాదం కాలింది. ఫోన్ చేసి పిలిచింది నేనే. చేతిలో పని వదిలేసి పరుగున వచ్చింది. మళ్ళీ ఆ ఎముకల మొహం చూసింది సోమవారం. తీసి, కడిగి, రిజిస్టరులో సోమవారమనే రాసింది. కాస్త ఎక్కువ మెత్తబడ్డాయి, అంతేగా అనుకుంది. ఆ రిజిస్టరు ఎవరూ తిరగెయ్యలేదు.

నేరుగా చిన్న డాక్టరు బల్ల దగ్గరికి వెళ్ళింది. "చుక్కలు తగ్గలేదండీ, రంగే పట్టలేదు. తప్పు నాది."

"మెల్లగా అక్కా, తలుపు తీసుంది!" అతను లేచి తలుపు వేశాడు. "మజ్జ ఎవరు చూస్తారు?"

"నేను చూశాగా."

"మీ పేరు కూడా పోతుంది, ఆలోచించుకోండి."

"పద్దెనిమిదేళ్ళు లేని పేరు బాబూ. దానికీ నాకూ ఇంకా సరిగ్గా పరిచయమే కాలేదు," అంటూ తలుపు తీసి మేడం గదికి నడిచింది.

మేడం పలకలన్నీ ఒక్కొక్కటే చూసింది. కళ్ళు నులుముకుని మళ్ళీ చూసింది. వదిన నిలబడే ఉంది. చివరికి, "ఆ ఎలుకల ఎడమ కాళ్ళున్నాయా?" అని మాత్రం అడిగింది.

"జాడీల్లో ఉన్నాయి మేడం, కోసినవన్నీ కుడివే, వీటిని ముట్టుకోలేదు. ఈసారి ఆమ్లం వద్దు. నిదానంగా మెత్తబరిచే ద్రవముంది, మూడు వారాలు పడుతుంది. రెండు గుంపులూ ఒకే రోజు వేసి, ఒకే రోజు తీస్తాను."

"లెక్క ఎవరు పెడతారు?"

"నేను కాదు. చిన్న డాక్టరుగారూ కాదు."

మేడం అప్పుడు కుర్చీ చూపించిందట, కూర్చోమని.

ఆ మూడు వారాలూ వదిన ఒక్క సెలవు పెట్టలేదు. ద్రవం మార్చడం, ఎముక సూదికి లొంగుతోందో లేదో చూడటం, రిజిస్టరులో గంటతో సహా రాయడం. కొత్త పొరల్లో మజ్జ నీలంతో నిండుగా, ముచ్చటగా వచ్చింది. పై విభాగం డాక్టరమ్మ వచ్చి లెక్కపెట్టింది. మందు వేసిన కీళ్ళూ, వెయ్యని కీళ్ళూ ఒక్కలాగే వాచి ఉన్నాయి. మందు పనిచెయ్యలేదు. వ్యాసం లేదు, మూడో పేరూ లేదు.

ఆ సంగతి తెలిసిన రోజు అన్న కంచం ముందు కూర్చుని ముద్ద ఎత్తలేదు. వదిన అమ్మ జాకెట్టు చేతి గుండీ పెడుతోంది. నేను నీళ్ళు పోస్తున్నాను.

"నిన్నెవరడిగారు? ఎలుకలొచ్చి ఫిర్యాదు చేశాయా?" అన్నాడు అన్న. "పద్దెనిమిదేళ్ళకి గుమ్మం దాకా వచ్చిన పేరు! నోరు మూసుకుని ఊరుకుంటే ఎవరికి నష్టం?"

వదిన తలెత్తలేదు. అమ్మ ఎత్తింది.

"నాకు. ఆ మందు మింగేది నేను కదరా."